మరిగే నీళ్ళకి చచ్చిన నల్లి స్ప్రేకి ఎందుకు చావట్లేదు?

మా అమ్మమ్మగారి ఊళ్ళో ప్రతి ఎండాకాలం ఒక పూటంతా నల్లుల పనే. పొద్దున్నే ఇంట్లోని నులక మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి. మామయ్య ఒక్కో మంచాన్నీ పైకెత్తి కోడు నేలకేసి దబదబా కొట్టేవాడు. అమ్మమ్మ పొయ్యి మీద కాగు నిండా నీళ్ళు మరగబెట్టి, చెంబుతో తెచ్చి, కోడూ పట్టే కలిసే బెజ్జంలోకి సన్నటి ధారగా పోసేది. ముందు ఆవిరి తప్ప ఏమీ కనపడేది కాదు. చెంబు సగమయ్యేసరికి నీళ్ళతోపాటు నల్లులు కొట్టుకొచ్చేవి. పిల్లలం పుల్లలు పట్టుకుని లెక్కపెట్టేవాళ్ళం. ఎవరి మంచంలో ఎక్కువ వస్తే వాళ్ళ నెత్తురు తియ్యనిదని వెక్కిరింత.

నలభై ఏళ్ళ తర్వాత విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో అదే పురుగు మీద నేను నాలుగు స్ప్రే డబ్బాలు ఖాళీ చేశాను. గదంతా ఘాటు, మాకు తలనొప్పి. నల్లులు మాత్రం వారం తిరిగేసరికి మళ్ళీ హాజరు. అమ్మమ్మ చెంబెడు నీళ్ళతో చేసిన పని నాకెందుకు కుదరలేదన్న ఉక్రోషంతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. నల్లి అప్పటికంటే మొండిదైంది, నిజమే. కానీ దానికంటే పెద్ద మార్పు మన మంచంలో వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వంకాయ మీద నింద

దసరా సెలవులకి మా అబ్బాయి హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి, వారం ఉండి వెళ్ళాడు. కార్తీకమాసం వచ్చేసరికి మా ఆవిడ చేతుల మీద, మెడ మీద దద్దుర్లు. నాకు ఒక్కటి కూడా లేదు. ముందు దోమలన్నాం. తర్వాత వంకాయ మానేశాం, ఆ తర్వాత ఎండుచేపలు. సబ్బు మార్చాం. డాక్టరుగారు ఎలర్జీ అని మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న రోజు దురద తగ్గేది, మర్నాడు మామూలే. ఒకే పరుపు మీద పడుకునే ఇద్దరిలో ఒకరినే కుట్టే పురుగు ఏముంటుందిలే అని, పరుపు వంకే చూడలేదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నల్లి నన్నూ కుట్టింది. నా ఒంటికి తెలియలేదంతే. నల్లి కుట్టేటప్పుడు దాని లాలాజలం మన చర్మంలోకి దిగుతుంది. నెత్తురు గడ్డకట్టకుండా చేసే పదార్థాలు అందులో ఉంటాయి. దద్దురు వచ్చేది వాటిని మన ఒళ్ళు ఎదిరించడం వల్ల. కొందరి ఒళ్ళు అసలు పట్టించుకోదు. మరికొందరికి కుట్టిన గంటలోనే పొంగుతుంది, ఇంకొందరికి రోజుల తర్వాత. కొత్తగా కుట్టించుకునేవాళ్ళకి మొదట్లో ఏమీ తెలియకపోయి, పదేపదే కుట్టాక దురద మొదలవడమూ మామూలే. అందుకే దద్దురు చూసి ఇది నల్లే అని డాక్టరైనా గట్టిగా చెప్పలేరు. ఇంట్లో ముసలివాళ్ళకి తెలియకుండా, పిల్లలకి మాత్రం తెలిసేలా నల్లులు నెలల తరబడి కాపురం చేస్తాయి. మా వైపు చాటుగా గుచ్చేవాడిని నల్లికుట్లోడు అని తిడతారు. ఆ తిట్టు పుట్టించినవాడికి ఈ పురుగు సంగతి బాగా తెలుసు.

ఒంటి మీద కంటే మంచం మీద వెతకడం మేలు. పరుపు అంచు కుట్టు వెంబడి, మంచం తలవైపు చెక్క వెనక, మేకుల బెజ్జాల చుట్టూ టార్చి వేసి చూస్తే ఇంకు పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు కనపడతాయి. అది తాగి అరిగించుకున్న నెత్తురు, అంటే నల్లి రెట్ట. తడిగుడ్డతో రుద్దితే గోధుమరంగులో అలుక్కుపోతుంది. పక్కనే ఎండిన ఉల్లిపొర లాంటి చిన్నచిన్న కుబుసాలు ఉంటాయి. మా ఇంట్లో దొరికిన మొదటి సాక్ష్యం దిండు గలీబు మూలలో ఆవగింజంత చుక్క. చొక్కా సిరా అంటిందనుకుని రెండు వారాలు వదిలేశాం.

దాని బతుకు

మనిషిని పట్టుకున్న నల్లులు ప్రధానంగా రెండు రకాలు. చలి దేశాల్లో ఎక్కువగా కనపడేది సైమెక్స్ లెక్చులేరియస్. మనలాంటి వేడి ప్రాంతాల్లోది సైమెక్స్ హెమిప్టెరస్. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి: ఐదారు మిల్లీమీటర్ల పొడవు, చపాతీలా అణిగిన ఒళ్ళు, ఇటుకరంగు, ఆరు కాళ్ళు. రెక్కల్లేవు. ఎగరలేదు, గెంతలేదు, నడుస్తుంది. ఆ నడక కూడా నిమిషానికి మీటరు ఉంటే గొప్ప. అలాంటిది హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా వచ్చిందంటే మనం మోసుకొచ్చాం కాబట్టి. తలలో పేను లాగా మనిషి మీద నివాసం ఉండదు. పెట్టె, బ్యాగు జిప్పు, మడతపెట్టిన దుప్పటి, సెకండ్‌హ్యాండ్ సోఫా, వీటిలో ఎక్కి వస్తుంది.

మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, ఒంటి వేడి, వాసన, ఈ మూడిటితో నిద్రపోతున్న మనిషిని పట్టేస్తుంది. ఐదు నుంచి పది నిమిషాలు తాగుతుంది. తాగాక చింతగింజలా ఉబ్బి, నెమ్మదిగా వెనక్కి నడిచి, సందులో దూరిపోతుంది. మళ్ళీ మూడు నాలుగు రోజుల నుంచి వారం దాకా అక్కడే. అంటే రాత్రి లైటు వేసి నాలుగు నల్లుల్ని నలిపితే, ఆ పూట భోజనానికి వచ్చిన నాలుగే చచ్చాయి. మిగతా ఊరంతా లోపల పడుకునే ఉంది.

ఆ ఊరు ఎక్కడ వెలుస్తుందో తేల్చిన పరిశోధన ఒకటి 2014 చివర్లో బయటికొచ్చింది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో గెర్హార్డ్ గ్రీస్, రెజీన్ గ్రీస్ అనే భార్యాభర్తలు నల్లులు ఒకదాన్నొకటి ఏ వాసనతో పిలుచుకుంటాయో ఏళ్ళ తరబడి వెతికారు. పరిశోధనకి వేల నల్లులు కావాలి, వాటికి నెత్తురు కావాలి. రెజీన్‌గారికి దద్దుర్లు పెద్దగా రావు కాబట్టి ఆవిడ చెయ్యే వాటి అన్నపు కంచం అయింది. చివరికి దొరికింది హిస్టమిన్. నల్లి కుబుసంలోనూ రెట్టలోనూ ఉండే ఈ పదార్థాన్ని తాకిన నల్లి, ఇది మనవాళ్ళున్న చోటే అని అక్కడ ఆగిపోతుంది. మన ఒంట్లో దురద పుట్టించేదీ హిస్టమినే, మా డాక్టరుగారి మాత్ర పనిచేసేదీ దాని మీదే. నల్లులున్న ఇళ్ళ దుమ్ములో హిస్టమిన్ ఎక్కువగా ఉంటుందనీ, నల్లులు చచ్చాక కూడా నెలల తరబడి పోదనీ 2018లో అమెరికాలో తేలింది. నల్లులు పోయినా దురద పోలేదని ఎవరైనా అంటే అది పూర్తిగా భ్రమ అని కొట్టిపారేయకూడదు.

పెళ్ళిచూపుల సంగతి కూడా చెప్పాలి, కాస్త ఇబ్బందిగా ఉన్నా. మగ నల్లి ఆడదాని పొట్టని సూదిలాంటి అవయవంతో పొడిచి బీజం లోపలికి పంపుతుంది. ప్రతిసారీ గాయమే. పదేపదే పొడిపించుకోలేక కడుపుతో ఉన్న ఆడది గుంపుకి దూరంగా పోతుందని పరిశోధకుల అభిప్రాయం. అలా దూరంగా నడిచొచ్చిన ఒక్కటి మీ బ్యాగులో ఎక్కితే చాలు. రోజుకి రెండు మూడు చొప్పున, బతికినన్నాళ్ళూ కలిపి రెండొందలకి పైగా గుడ్లు పెట్టగలదు. వాటి పిల్లలు వాటిలో అవే జతకట్టినా వంశానికి పెద్ద నష్టం లేదు. అన్నాచెల్లెళ్ళ సంతతితోనే ఒక హాస్టలంతా నిండిపోగలదు.

గుడ్డు లెక్క

నాలుగు డబ్బాలు దండగయ్యాక నాకు అర్థమైన అసలు విషయం ఇది. గుడ్డు మిల్లీమీటరు పొడవు, తెల్లగా, బియ్యపు నూక కంటే చిన్నగా ఉండి చెక్కకి జిగురుతో అతుక్కుని ఉంటుంది. చాలా మందులు దాని పెంకు దాటి లోపలికి పోవు. వారం పది రోజుల్లో అది పిల్లవుతుంది. ఆ పిల్ల పెద్దదవడానికి ఐదుసార్లు కుబుసం విడవాలి, ప్రతి విడతకీ ముందు ఒకసారైనా నెత్తురు తాగాలి. మన వేడిలో ఇదంతా అయ్యేసరికి సుమారు నెల, నెలన్నర.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఇవాళ మందు కొట్టించి కదిలేవన్నీ చచ్చాయనుకుందాం. గుడ్లు మిగిలాయి. పది రోజులకి అవి పగులుతాయి. మర్నాడే రెండోసారి కొట్టిస్తే ఆ డబ్బు దండగ, గుడ్లింకా గుడ్లుగానే ఉన్నాయి. రెండు నెలల తర్వాత కొట్టిస్తే పుట్టిన పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేశాయి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య పది రోజుల నుంచి రెండు వారాలు ఉంటే, గుడ్లన్నీ పగిలి ఉంటాయి, పిల్లలింకా గుడ్లు పెట్టే వయసుకి రావు. నల్లుల పోరులో మందు పేరు కంటే క్యాలెండరు ముఖ్యం అని నేను అనుకుంటున్నది ఇందుకే. ఒక్క విజిట్‌లో గ్యారంటీ అని ఎవరైనా బోర్డు పెడితే, వాళ్ళు గుడ్ల గురించి మీకు చెప్పట్లేదని అర్థం.

బొద్దింకలకి జెల్ చుక్కలు పెడితే వారంలో పోయాయి కదా, నల్లులకీ పెట్టొచ్చుగా అని పక్కింటాయన సలహా ఇచ్చారు. బొద్దింక కంచంలో మెతుకైనా, పుస్తకం అట్ట జిగురైనా తింటుంది. దాని తిండిలో విషం కలపొచ్చు. నల్లికి నెత్తురు తప్ప ఇంకో తిండి తెలియదు. జెల్ పక్కనుంచి నడిచిపోతుంది. ఇల్లు శుభ్రంగా ఉంటే నల్లులు రావన్న మాట కూడా ఇక్కడే పడిపోతుంది. దానికి మురికితో పని లేదు, మనిషితో పని. సామాను తక్కువున్న ఇంట్లో దాన్ని కనిపెట్టడం తేలిక, అంతవరకే. నల్లులున్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడి, పక్కింటివాళ్ళకి తెలియకుండా నెట్టుకొచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయి. మేమూ మూడు వారాలు అలాగే చేశాం. ఈలోపు అవి గోడలో కరెంటు పైపుల దారిన పక్క ఫ్లాట్‌కి వెళ్ళగలవు.

మందుకి అలవాటు పడ్డ పురుగు

స్విట్జర్లాండ్‌కి చెందిన పాల్ ముల్లర్ 1939లో డీడీటీకి పురుగుల్ని చంపే శక్తి ఉందని కనిపెట్టాడు. 1948లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. సరిగ్గా ఆ బహుమతి వచ్చే ముందటి ఏడాదే, 1947లో, హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బ్యారక్స్‌లో డీడీటీకి చావని నల్లులు బయటపడ్డాయి. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఇంటింటికీ డీడీటీ కొట్టారు. మొదట్లో దోమలతోపాటు నల్లులూ పోయాయని జనం సంతోషించారు. తర్వాత నల్లులు చావడం మానేశాయి. మందు కొడితే నల్లులు ఇంకా రెచ్చిపోతున్నాయని, మలేరియా మనుషుల్ని గడప తొక్కనివ్వని ఊళ్ళు కూడా ఉన్నాయి.

డీడీటీ పోయాక వచ్చినవి పైరెత్రాయిడ్లు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, పెర్మెత్రిన్ లాంటివి. ఇళ్ళకి అమ్మే పురుగుల స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. చిక్కేమిటంటే డీడీటీ పురుగు నరంలో ఏ తలుపుని తెరిచిపెట్టేస్తుందో ఇవీ దాదాపు అక్కడే పనిచేస్తాయి. ఆ తలుపు ఆకారం కాస్త మారిన నల్లులు డీడీటీ కాలంలోనే బతికి బట్టకట్టాయి. వాటి మనవలకి కొత్త మందు కూడా పాత చుట్టమే. ఇది చాలనట్టు మందుని ఒంట్లోనే విరిచేసే ఎంజైములు కొన్నిటికి ఎక్కువ. చర్మం మందంగా ఉన్న నల్లులు మందుకి ఎక్కువసేపు తట్టుకుంటాయని సిడ్నీ యూనివర్సిటీవాళ్ళు 2016లో చూపించారు.

స్ప్రేతో ఇంకో నష్టం ఉంది. మందు తగిలీ తగలని నల్లి చావకుండా చెదిరి, మంచంలో ఉన్నది గోడ పగుల్లోకి, అక్కడ్నుంచి స్విచ్ బోర్డులోకి పోతుంది. గదంతా పొగలా నింపే ఫాగర్లు మరీ దండగ. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ 2012లో మూడు రకాలు పరీక్షిస్తే, సందులో దాక్కున్న నల్లుల దాకా ఆ పొగ పోనే లేదు. ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రాలకి, కలరా ఉండలకి, వేపాకు పొగకి కూడా నా ఇంట్లో నల్లులు లొంగలేదు.

స్ప్రేతో పని కాక పురుగుమందుల షాపుకి వెళ్ళాను. నల్లి మందు కావాలన్నాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే, "మిరపకా సార్, వరికా?" అన్నాడు. రైతు భాషలో నల్లి అంటే పైరుని పట్టే సూక్ష్మమైన ఎనిమిది కాళ్ళ పురుగు, మిరపలో ఎర్రనల్లి, వరిలో కంకినల్లి. దానికీ మంచం నల్లికీ పేరు తప్ప చుట్టరికం లేదు. ఆన్‌లైన్లో నల్లి మందు అని వెతికినా ముందు వచ్చేవి పొలం మందులే. పొలం మందు పడగ్గదిలో కొట్టాలన్న ఆలోచన ఎవరికీ రాకూడదు, కానీ వస్తుంది. ఒకప్పుడు నువాన్ పేరుతో నల్లులకి తెగ వాడిన డైక్లోర్‌వాస్‌ని కేంద్ర ప్రభుత్వం 2018 ఉత్తర్వుల ప్రకారం 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించింది. అన్నిటికంటే ఘోరమైనవి ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. వాటిని మామూలు జనానికి అమ్మకూడదు, అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. నల్లులకనో ఎలుకలకనో మూసిన గదిలో అవి పెట్టి, పక్క గదిలో పడుకున్న పిల్లలు చనిపోయిన వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి. నల్లి నెత్తురు తాగుతుంది, నిద్ర పాడుచేస్తుంది, కానీ మామూలుగా మనిషికి ఏ రోగాన్నీ అంటించినట్టు రుజువు లేదు. దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎంత అన్యాయం!

మళ్ళీ మంచం దగ్గరికి

ఇప్పుడు అమ్మమ్మ చెంబు సంగతి. వేడికి అలవాటు పడ్డ నల్లి ఇంతవరకు పుట్టలేదు. మిన్నెసోటా యూనివర్సిటీలో 2011లో చేసిన కొలతల ప్రకారం 45 డిగ్రీల దగ్గర పెద్ద నల్లులు గంటన్నరకి చచ్చాయి, గుడ్లకి మాత్రం ఏడు గంటలు పట్టింది. 48 డిగ్రీల దగ్గర గుడ్లు కూడా గంటంపావుకి పోయాయి. యాభై దాటితే నిమిషాల పని. మరిగే నీళ్ళు తగిలిన చోట గుడ్డూ పిల్లా పెద్దా అన్న తేడా లేదు.

ఇక మంచం. నులక మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, అల్లిక. నల్లి దాక్కునే ముఖ్యమైన చోట్లు ఎనిమిది బెజ్జాలు. మంచాన్ని ఇద్దరు కలిసి బయటికి మోయొచ్చు, నీళ్ళు పోయొచ్చు, నులక విప్పి మళ్ళీ అల్లొచ్చు. మా ఫ్లాట్‌లో ఉన్నది ప్లైవుడ్ బాక్స్ కాట్. కింద సామాను పెట్టుకునే అర, తలవైపు గోడకి మేకులతో బిగించిన కుషను, ముప్ఫైకి పైగా స్క్రూ బెజ్జాలు, అంచుల్లో అతికించిన రబ్బరు పట్టీ. నీళ్ళు పోస్తే ఉబ్బి పాడవుతుంది. మోయాలంటే నలుగురు మనుషులు, విప్పాలంటే వడ్రంగి కావాలి. హాస్టళ్ళలో ఇనుప మంచాలు కదా, సందులుండవు అనుకుంటారు. గొట్టం చివర ప్లాస్టిక్ మూత ఊడిపోయిన ఇనుప మంచం నల్లులకి అపార్ట్‌మెంటు లాంటిది. లోపలంతా ఖాళీ. మా అబ్బాయి రూములో పై బంకు గొట్టాన్ని తలకిందులు చేసి తడితే కాగితం మీద గుప్పెడు కుబుసాలు రాలాయట.

చివరికి మేం చేసింది, కొంత లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ మనిషి చెప్పినది, కొంత అమ్మమ్మది. వచ్చినాయన మొదట అడిగిన మాట: "గది మార్చారా సార్?" మార్చాం. దురద భరించలేక ఆవిడ వారం రోజులు హాల్లో పడుకుంది. "మరి వాటినీ హాల్లోకి పిలిచినట్టే," అన్నాడు. మనిషి ఎక్కడుంటే ఆకలేసిన నల్లి అక్కడికి బయలుదేరుతుంది. మంచం బయట పారేసినా అంతే, చెత్తబండి దాకా దారిపొడవునా రాలుస్తుంది, దాన్ని ఇంకొకరు ఇంటికి పట్టుకుపోతారు. ఉన్న చోటే ఉండి పని చేయాలి.

వడ్రంగిని పిలిచి మంచం మొత్తం విప్పించాం. దుప్పట్లు, గలీబులు, కర్టెన్లు మంచం పక్కనే నల్లటి కవర్లలో వేసి మూతి కట్టి, అలాగే మెషిన్ దాకా తీసుకెళ్ళి అరవై డిగ్రీల నీళ్ళలో ఉతికాం. చేతుల్లో కౌగిలించుకుని తీసుకెళ్తే దారిలో రాలతాయి. ఉతకడం కుదరని బట్టల్ని ఇస్త్రీ చేసే అతని బొగ్గుల పెట్టెకి అప్పగించాం, కుట్ల మీద ఒత్తి రుద్దమని చెప్పి. మా ఆవిడ పుస్తకాలు కొన్ని కవరులో చుట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టింది. మైనస్ 18 ఉండే ఫ్రీజరైతే పనవుతుంది. పరుపుని ఎండలో వేద్దామనుకున్నాం. నవంబరు ఎండ చాలదు. రెంటచింతల రోహిణికార్తె ఎండైనా పరుపు పైగుడ్డని కాలుస్తుందేమో గానీ, నడిమధ్యకి ఆ వేడి పోదు. నల్లి నీడవైపుకి జరుగుతుంది. ఎండ పని చేసేది పల్చటి బొంతలకీ, నల్లకవర్లో కట్టి ఎండలో నిలిపిన కారులో పెట్టిన చిన్న సామానుకీ.

స్క్రూ బెజ్జాల్లోకి, పరుపు కుట్ల వెంబడి ఆవిరి పట్టించాం. బట్టల మడతలు తీసే చిన్న స్టీమర్ తల నుంచి గుడ్డ తీసేసి, అంగుళం అంగుళం, అక్షరాలు కూడబలుక్కుని చదివినంత నెమ్మదిగా. గబగబా తిప్పితే ఆవిరి ఊది నల్లుల్ని ఎగరగొడుతుంది తప్ప చంపదు. ఆ పనికి ఇద్దరికీ ఒక ఆదివారం పట్టింది. తలవైపు కుషను ఊడదీసినప్పుడు వెనక చెక్క మీద కనిపించింది, అరచేయంత మేర నల్లటి చుక్కలు, వాటి మధ్య తెల్లటి గుడ్లు, సగం పెరిగిన లేత పిల్లలు గాజుముక్కల్లా. ఒకటి అప్పుడే తాగినట్టుంది, పారదర్శకంగా ఉన్న పొట్టలో ఎర్రటి చుక్క. అది నా నెత్తురో ఆవిడ నెత్తురో! ఆవిరి తగలగానే ఆ వాసన వచ్చింది. పచ్చి కొత్తిమీర పాడైనట్టుండే అమ్మమ్మ వాకిలి వాసన. కొత్తిమీరకి ఇంగ్లీషులో ఉన్న పేరు గ్రీకులో నల్లి అనే మాట నుంచే వచ్చిందని అంటారు. రెండిటిలోనూ ఆల్డిహైడ్లు అనే దగ్గరి జాతి వాసన పదార్థాలే ఉన్నాయి మరి.

ఆవిరి అయ్యాక పెస్ట్ కంట్రోల్ మనిషి సందుల్లో మాత్రమే మందు పెట్టాడు, పరుపు మీద కాదు. సరిగ్గా పన్నెండో రోజు మళ్ళీ రమ్మన్నాం. పరుపుకి జిప్పున్న తొడుగు వేసి మూసేశాం, లోపల మిగిలినవి బయటికి రాకుండా. మంచాన్ని గోడ నుంచి జానెడు జరిపి కోళ్ళ కింద గిన్నెలు పెట్టాం. నల్లులు పడేందుకు నున్నటి అంచుల ప్లాస్టిక్ కప్పులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అవి చలిదేశపు నల్లి కోసం చేసినవి. మన హెమిప్టెరస్ కాళ్ళకి అంటుకునే వెంట్రుకలు ఎక్కువ, నున్నటి గోడ కూడా ఎక్కేస్తుందని మలేషియాలో 2017 ప్రాంతంలో చూశారు. అందుకని మేం గిన్నెల్లో సబ్బు కలిపిన నీళ్ళు పోశాం. చీమలు ఎక్కకుండా పాల గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టే పద్ధతే. దుప్పటి అంచు నేలకి తగిలితే ఇదంతా వృథా.

మొదటి వారం గిన్నెల్లో పదకొండు. రెండో వారం నాలుగు, అన్నీ పిల్లలే, అంటే గుడ్లు పగిలాయన్నమాట. రెండోసారి మందు పెట్టాక ఒకటి. తర్వాత ఆరు వారాలు ఖాళీ. తిండి లేకుండా నల్లి ఏడాది బతుకుతుందని చెప్పేది చల్లటి ప్రయోగశాల లెక్క. మన వేడిలో అంతకాలం నిలవదు, అయినా కొన్ని నెలలు లాగగలదు. గిన్నెలు సంక్రాంతి దాటేదాకా తీయలేదు.

ఇదంతా మన పేదరికపు జబ్బు అనుకునేవాళ్ళకి ఒక మాట. 2017 నుంచి 2022 మధ్య ఫ్రాన్స్‌లో పదకొండు శాతం ఇళ్ళలో నల్లులు కనిపించాయని ఆ దేశపు ఆరోగ్య భద్రతా సంస్థ 2023లో లెక్క చెప్పింది. ఒలింపిక్స్ ముందు పారిస్ రైలు సీట్ల మీద నల్లుల వీడియోలతో ఆ ఏడాది ప్రభుత్వమే ఉలిక్కిపడింది. న్యూయార్క్ నగరంలో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు గత ఏడాదిలో నల్లులు వచ్చాయో లేదో యజమాని రాసివ్వాలని 2010 నుంచి చట్టం ఉంది. అమెరికాకి చదువుకి వెళ్ళిన మా మేనల్లుడు మొదటి నెలలో రోడ్డు పక్క ఎవరో వదిలేసిన పరుపు బాగుందని ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి మోసుకొచ్చుకున్నాడు. అలాంటి పరుపుని అక్కడ ఎందుకు వదిలేస్తారో రెండు వారాల్లో నలుగురికీ తెలిసింది.

సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. ఈసారి బ్యాగు గడప దగ్గరే ఆగింది. వాడు విసుక్కుంటూనే బాల్కనీలో బట్టలన్నీ బకెట్లోకి దులిపాడు. నేను టార్చి పట్టుకుని బ్యాగు కుట్లు చూస్తున్నాను. జిప్పు చివర, లోపలి మడతలో ఒక నల్లటి చుక్క. "ఇంకు నాన్నా అది, పెన్ను లీకైంది," అన్నాడు. దూది తడిపి మెల్లగా రుద్దాను. గోధుమరంగులో అలుక్కుంది.